వెడల్పు టైర్లు వేస్తే స్టీరింగ్‌లో మారేది ఏమిటి, మారిందనిపించేది ఏమిటి

అడిగిన విషయం క్లుప్తంగా: కారుకు కంపెనీ ఇచ్చినవి 185/65 ఆర్15 టైర్లు, 5.5 అంగుళాల వెడల్పు రిమ్‌లు, ఆఫ్‌సెట్ 45. (185 అంటే టైరు వెడల్పు మి.మీ.లో, 65 అంటే అందులో ఎన్ని శాతం సైడ్‌వాల్, అంటే టైరు పక్కగోడ, ఎత్తో, 15 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. ఆఫ్‌సెట్ అంటే రిమ్ నడిమి గీత నుంచి కారుకు బిగించే ముఖం ఎన్ని మి.మీ. బయటివైపు ఉందో చెప్పే అంకె.) వాటిని తీసేసి 205/55 ఆర్16 టైర్లు, 7 అంగుళాల అల్లాయ్‌లు, ఆఫ్‌సెట్ 38 వేశారు. ఇప్పుడు పార్కింగ్‌లో స్టీరింగ్ బరువెక్కింది. వేగంలో మలుపులు చురుగ్గా అందుకుంటోంది. కానీ రోడ్డు మీద గాడులు ఉన్నచోట అటూ ఇటూ గుంజుతోంది, మలుపు తిరిగాక స్టీరింగ్ మునుపటిలా దానంతటది వెనక్కి రావడం లేదు. ఇదంతా వెడల్పు వల్లేనా? మళ్లీ సరిచేసుకోవచ్చా?

చాలావరకు సరిచేసుకోవచ్చు. ఎందుకంటే ఈ లక్షణాల్లో టైరు వెడల్పు వల్ల వచ్చింది సగం కూడా ఉండదు. ఈ ఒక్క మార్పులో నిజానికి ఆరు మార్పులు ఉన్నాయి: టైరు వెడల్పు, సైడ్‌వాల్ ఎత్తు, రిమ్ వెడల్పు, ఆఫ్‌సెట్, చక్రం బరువు, కొత్త ట్రెడ్ (నేలను తాకే రబ్బరు పొర). గాలి లెక్క కూడా మారి ఉంటే అది ఏడోది. ఏ లక్షణం దేని వల్ల వచ్చిందో విడదీయకుండా టైర్ల మీదే నెపం వేస్తే, టైర్లు మార్చినా అదే బాధ మిగులుతుంది.

ముందు వెడల్పు సంగతి చూద్దాం. వెడల్పు టైరు వేస్తే నేలను తాకే భాగం బాగా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అంతగా పెరగదు. టైరు నేల మీద వేసే ముద్ర వైశాల్యం ప్రధానంగా రెండింటి మీదే ఆధారపడుతుంది: చక్రం మీద పడే బరువు, లోపలి గాలి ఒత్తిడి. ముందు చక్రం మీద 350 కిలోలు, గాలి 32 పీఎస్ఐ అనుకుంటే ముద్ర సుమారు 156 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. సైడ్‌వాల్ బిగువు వల్ల అసలు అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది, లెక్కకు మాత్రం ఇది చాలు. ట్రెడ్ 14 సెం.మీ. వెడల్పు ఉన్న టైరుకు ఆ ముద్ర పొడవు 11.1 సెం.మీ. ట్రెడ్ 16 సెం.మీ. అయితే పొడవు 9.8 సెం.మీ.కు తగ్గుతుంది. అంటే వెడల్పు టైరుతో వైశాల్యం పెద్దగా మారదు, ముద్ర ఆకారం మారుతుంది. ముందువెనకలుగా పొట్టిగా, అడ్డంగా పొడుగ్గా అవుతుంది. చేతికి తెలిసే మార్పుల్లో వెడల్పుకు చెందినవన్నీ ఈ ఆకారం నుంచే వస్తాయి.

స్టీరింగ్ వెనక్కి రావడం గురించి ఇక్కడే చెప్పాలి. కారు మలుపులో ఉన్నప్పుడు టైరు నేలను అడ్డంగా పట్టుకునే బలం ముద్రకు సరిగ్గా నడుమ పడదు, కొంచెం వెనక పడుతుంది. ముద్ర ముందు అంచులో రబ్బరు అప్పుడే నేలను తాకుతుంది, ఇంకా సాగి ఉండదు. వెనక్కి పోయేకొద్దీ ఎక్కువగా సాగుతుంది కాబట్టి బలం వెనకవైపే పోగవుతుంది. చక్రాన్ని మళ్లీ నిటారుకు తిప్పే ప్రయత్నం ఈ వెనకపాటు వల్లే జరుగుతుంది. చేతికి అందే ‘రోడ్డు తెలియడం’ అనేదానిలో పెద్ద వాటా దీనిదే. ఈ దూరం సరళమైన లెక్కలో ముద్ర పొడవులో ఆరోవంతు. పై ఉదాహరణలో 18.5 మి.మీ. నుంచి 16 మి.మీ.కు తగ్గిందన్నమాట. నిజమైన టైర్లలో ఈ దూరం ఇంతకంటే కాస్త ఎక్కువే ఉంటుంది, కానీ తగ్గే తీరు ఇదే.

దీనికి తోడుగా కాస్టర్ కోణం (చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత వెనక్కి వాలిన కోణం) ఇచ్చే దూరం ఒకటుంటుంది. చక్రం వ్యాసార్ధం 310 మి.మీ., కాస్టర్ 4 డిగ్రీలు అయితే అది దాదాపు 22 మి.మీ. టైరు ఏది వేసినా అది పెద్దగా మారదు. రెండూ కలిపితే సుమారు 40 నుంచి 38 మి.మీ.కు వచ్చింది. అంటే స్టీరింగ్‌ను వెనక్కి తిప్పే బలం వెడల్పు వల్ల ఓ 5, 6 శాతం తగ్గి ఉంటుంది. స్టీరింగ్ మీద శ్రద్ధ ఉన్న చేతికి ఇది తెలుస్తుంది. కానీ స్టీరింగ్ సగంలో ఆగిపోయేంత తేడా మాత్రం దీనివల్ల రాదు. అలా ఆగిపోతుంటే వేరేచోట వెతకాలి: స్ట్రట్ (ముందు చక్రం సస్పెన్షన్ స్తంభం) పైన ఉండే బేరింగ్ బిగుసుకుపోయిందా, బాల్ జాయింట్ ఎండిపోయిందా, గాలి తక్కువగా ఉందా చూడాలి. కారును జాకీ మీద లేపి, ఇంజిన్ ఆపి, ముందు చక్రాన్ని చేత్తో పట్టుకుని ఒక కొస నుంచి మరో కొసకు తిప్పండి. ఎక్కడా పట్టేసినట్టు కాకుండా ఒకే బరువుతో తిరగాలి. మధ్యలో ఎక్కడైనా పట్టి వదిలినట్టుంటే తప్పు టైరుది కాదు.

ఈ వెనకపాటుకే ఇంకో గుణం ఉంది, భద్రత కోణంలో అదే ముఖ్యం. టైరు పట్టు అంచుకు చేరేటప్పుడు ముద్ర వెనక భాగం ముందుగా జారడం మొదలెడుతుంది. దాంతో బలం ముందుకు జరుగుతుంది, దూరం తగ్గిపోతుంది, స్టీరింగ్ తేలికవుతుంది. అంటే పట్టు పూర్తిగా పోకముందే చేతికి ఒక కబురు అందుతుంది. సన్నటి, ఎత్తు సైడ్‌వాల్ టైర్లలో ఆ కబురు తీరుబడిగా వస్తుంది. వెడల్పాటి, పొట్టి సైడ్‌వాల్ టైర్లలో పట్టు ఎక్కువసేపు నిలుస్తుంది కానీ కబురు ఆలస్యంగా, క్లుప్తంగా వస్తుంది. పట్టు పెరిగిందని అదే ధీమాతో వేగం పెంచేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలని నా కోరిక.

ఇక మలుపుల్లో చురుకుదనం. దీన్ని వెడల్పు ఖాతాలో వేస్తారు గానీ ఎక్కువ భాగం సైడ్‌వాల్‌ది, రిమ్‌ది. 185/65 సైడ్‌వాల్ ఎత్తు 120 మి.మీ. 205/55ది 113 మి.మీ. పైగా రిమ్ వెడల్పవడంతో సైడ్‌వాల్‌లు బయటికి ఉబ్బకుండా నిటారుగా నిలబడ్డాయి. స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు రిమ్ తిరుగుతుంది, తర్వాత సైడ్‌వాల్ మెలిపడి ట్రెడ్‌ను తిప్పుతుంది, ఆ తర్వాతే నేల నుంచి బలం పుడుతుంది. ఈ మెలిక తగ్గితే జవాబు త్వరగా వస్తుంది. స్టీరింగ్ నడుమ భాగంలో ఏమీ జరగనట్టుండే ఖాళీ తగ్గిందనిపించడానికి కారణం అదే.

దీనికి ఉల్టా జరిగే సందర్భం చాలా తరచుగా కనిపిస్తుంది. డబ్బు కలిసొస్తుందని పాత 5.5 అంగుళాల రిమ్ మీదే 205 టైరు ఎక్కిస్తారు. చాలా 205 సైజులకు 5.5 అనేది అనుమతించిన కనిష్ఠ వెడల్పు, కాబట్టి కూర్చుంటుంది. కానీ సైడ్‌వాల్‌లు కుండలా ఉబ్బుతాయి, టైరు రిమ్ మీద పక్కలకు ఊగుతుంది. స్టీరింగ్ చురుగ్గా అవ్వకపోగా పాత 185 కంటే మొద్దుబారుతుంది. రిమ్ వెడల్పు పెంచకుండా టైరు వెడల్పు పెంచి స్టీరింగ్ మెరుగవ్వాలని ఆశపడకండి. 185/65 ఆర్15కు 5 నుంచి 6.5 అంగుళాలు, 195/60 ఆర్15కు 5.5 నుంచి 7, 205/55 ఆర్16కు 5.5 నుంచి 7.5, 225/45 ఆర్17కు 7 నుంచి 8.5 అంగుళాల రిమ్‌లు పనికొస్తాయి. ఈ హద్దుల్లో మధ్యది గానీ, దానికి అర అంగుళం ఎక్కువది గానీ ఎంచుకుంటే టైరు సరిగా నిలబడుతుంది.

ఇప్పుడు అసలు దోషి దగ్గరికి వద్దాం: ఆఫ్‌సెట్. చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీతను నేలదాకా పొడిగిస్తే అది ఒక బిందువు దగ్గర నేలను తాకుతుంది. ఆ బిందువుకూ టైరు ముద్ర నడిమికీ ఉన్న అడ్డదూరమే స్క్రబ్ రేడియస్. కారు తయారుచేసేవాళ్లు దీన్ని మిల్లీమీటర్ల లెక్కలో కొలిచి పెడతారు. ముందు చక్రాలు లాగే చాలా కార్లలో ఇది కొద్దిగా రుణాత్మకంగా ఉంటుంది, అంటే ఆ బిందువు ముద్ర నడిమికి బయటివైపు పడుతుంది. 1972లో వచ్చిన ఆడి 80 ఈ ఏర్పాటుతో పేరు తెచ్చుకున్న కారు. దీని ప్రయోజనం బ్రేకు వేళ తెలుస్తుంది: ఒకవైపు చక్రం తడి మీద, మరోవైపుది పొడి మీద ఉన్నప్పుడు బ్రేకు వేస్తే కారు పట్టున్న వైపుకు లాగబోతుంది, అప్పుడు చక్రాలు తమంతట తాము దానికి ఎదురు తిరిగి కారును తిన్నగా ఉంచుతాయి.

ఆఫ్‌సెట్ 45 నుంచి 38కి వస్తే ముద్ర నడుమ 7 మి.మీ. బయటికి జరిగింది. రుణాత్మకంగా ఉన్నది సున్నా దగ్గరికో, ధనాత్మకానికో వెళ్లింది. ఫలితాలు ఇవి: ఒక చక్రం గుంతలో పడ్డా, ఒకదాని కింద మాత్రమే నీళ్లున్నా ఆ దెబ్బ స్టీరింగ్‌కు ఎక్కువగా తగులుతుంది. గట్టిగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు స్టీరింగ్ పక్కకు లాగుతుంది. పై బ్రేకు రక్షణ తగ్గుతుంది. నిలబడి స్టీరింగ్ తిప్పితే బరువు పెరుగుతుంది. వీల్ బేరింగ్ మీద మెలిపెట్టే భారం పెరుగుతుంది. ఇవేవీ వెడల్పువి కావు. ఇదే 205 టైరును సరైన ఆఫ్‌సెట్ రిమ్ మీద వేస్తే వీటిలో ఎక్కువ భాగం రానేరావు. కారు రోడ్డు మీద బలంగా, వెడల్పుగా కూర్చున్నట్టు కనబడాలని ఆఫ్‌సెట్ తగ్గించడమో, చక్రం వెనక స్పేసర్ (మందపాటి బిళ్ల) పెట్టడమో చేస్తుంటారు. స్టీరింగ్ బాగుండాలనే కోరిక ఉంటే ఈ రెండూ వద్దు. ఆఫ్‌సెట్‌ను కంపెనీ అంకెకు 5 మి.మీ. లోపలే ఉంచండి.

జాగా లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి, పేరు మీద ఉన్న అంకె చూసి మోసపోతారు కాబట్టి. 205/55 ఆర్16 టైరు 6.5 అంగుళాల రిమ్ మీద పక్క నుంచి పక్కకు దాదాపు 214 మి.మీ. ఉంటుంది. రిమ్ అర అంగుళం పెరిగినప్పుడల్లా సుమారు 5 మి.మీ. కలుస్తుంది, కాబట్టి 7 అంగుళాల మీద 219. పాత 185/65, 5.5 రిమ్ మీద 189. తేడా 30 మి.మీ., అంటే ఒక్కోవైపు 15. ఆఫ్‌సెట్ తేడా 7 లెక్కేస్తే బయటికి 22 మి.మీ., లోపలికి 8 మి.మీ. జరిగింది. స్ట్రట్‌కూ టైరుకూ మధ్య కనీసం 6 మి.మీ. మిగలాలి. ఫెండర్ లోపలి ప్లాస్టిక్‌కు తగలకూడదు. ఖాళీ కారులో కాదు, అన్ని సీట్లూ నిండి ఉన్నప్పుడు, స్టీరింగ్‌ను రెండు కొసలకూ పూర్తిగా తిప్పి, మెల్లగా ఒక మిట్ట ఎక్కించి చూడాలి. ఒక పక్క మాత్రమే రుద్దుకుంటున్నా అది సర్దుకుంటుందిలే అనుకోవద్దు. లోపలి సైడ్‌వాల్ మీద కోత కంటికి కనబడదు.

పార్కింగ్ బరువు విషయంలో వెడల్పు వాటా లెక్కకు దొరుకుతుంది. నిలబడ్డ టైరును తిప్పితే ముద్ర నేల మీద మెలిపడుతూ రుద్దుకుంటుంది. 14 × 11.1 ముద్రకూ 16 × 9.8 ముద్రకూ మధ్య ఆ మెలికకు అడ్డుపడే చేయి పొడవు తేడా 5 శాతం మాత్రమే. చేతికి దానికంటే ఎక్కువ బరువనిపిస్తే మిగతాది ఆఫ్‌సెట్‌ది, గాలిది, కొత్త రబ్బరుది. గాలి తగ్గితే ముద్ర పెద్దదై పార్కింగ్ బరువు వెంటనే పెరుగుతుంది. 32 ఉండాల్సినచోట 26 ఉంటే ఏ టైరైనా మొరాయిస్తుంది. ఇంకో చిన్న అలవాటు చాలా తేడా తెస్తుంది: బ్రేకు గట్టిగా తొక్కిపట్టి స్టీరింగ్ తిప్పకండి. బ్రేకు వదిలితే చక్రం తిరిగే గీత చుట్టూ కాస్త దొర్లగలుగుతుంది, ఈడ్చుకోవడం తగ్గుతుంది. కారు అంగుళమంత కదులుతుండగా తిప్పితే ఇంకా మంచిది. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ కార్లలో నిలబడి కొస నుంచి కొసకు పదేపదే తిప్పితే మోటారు వేడెక్కుతుంది, దాన్ని కాపాడుకోవడానికి కంట్రోల్ యూనిట్ సాయం తగ్గిస్తుంది. ఇరుకు జాగాలో నాలుగైదు సార్లు ముందుకూ వెనక్కీ తిప్పాక ఉన్నట్టుండి బరువెక్కిందంటే కారణం అదే. చల్లబడ్డాక మామూలవుతుంది. పవర్ సాయం లేని పాత కార్లకు మాత్రం వెడల్పు టైర్లు వద్దనే అంటాను. బరువు ఒక్కటే కాదు, గుంతల దెబ్బలన్నీ స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్‌లకూ, ర్యాక్ బుష్‌లకూ నేరుగా వెళ్తాయి.

గాడుల్లో గుంజడానికి కారణం వెడల్పు అంటే ఇందులో మాత్రం నిజం ఎక్కువ. బరువైన వాహనాలు తిరిగి తిరిగి రోడ్డు మీద పడ్డ గాడిలో సన్న టైరు గాడి అడుగున దిగి నడుస్తుంది. వెడల్పు టైరుకు ఒక అంచు గాడి వాలు మీద, ఇంకో అంచు అడుగున ఉంటుంది. బరువు ఒక అంచుకు జరుగుతుంది, ముద్ర నడుమ పక్కకు పోతుంది, ఆ దూరం మేరకు చక్రం తిరగబోతుంది. టైరు ఎంత వెడల్పైతే బరువు అంత దూరం జరిగే వీలుంది. పొట్టి సైడ్‌వాల్ ఆ వాలుకు వంగి సర్దుకోదు కాబట్టి దెబ్బ మొత్తం స్టీరింగ్‌కు వస్తుంది. దీన్ని పూర్తిగా తీసేయలేం. తగ్గించగలం. టో (పై నుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) బయటికి తెరుచుకుని ఉంటే గుంజుడు రెండింతలనిపిస్తుంది, కంపెనీ ఇచ్చిన హద్దుల్లో కొద్దిగా లోపలికి ఉండేలా పెట్టించాలి. గాలి అవసరానికి మించి ఉంటే 2 పీఎస్ఐ దించి చూడాలి. టై రాడ్ ఎండ్, లోయర్ ఆర్మ్ బుష్ ఏ కొంచెం వదులుగా ఉన్నా సన్న టైర్లతో బయటపడని ఆ వదులు వెడల్పు టైర్లతో బయటపడుతుంది. పాత కారుకు కొత్త వెడల్పు టైర్లు వేయగానే ‘స్టీరింగ్ పాడైంది’ అనే ఫిర్యాదుల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. ట్రెడ్ నడుమ తెగని నిలువు పట్టీలు బాగా ఉన్న టైర్లు, రోడ్డు పొడవునా గీతలు చెక్కిన కాంక్రీటు మీద ఎక్కువగా తిరుగుడు చూపిస్తాయి. ట్రెడ్ అరిగేకొద్దీ అదీ తగ్గుతుంది.

ఎలైన్‌మెంట్ చేయించేటప్పుడు ఒక చిన్న మెలిక గమనించండి. టోను మిల్లీమీటర్లలో చెబితే అది రిమ్ సైజు మీద ఆధారపడుతుంది. 15 అంగుళాల రిమ్ మీద 1 మి.మీ. అంటే సుమారు 9 నిమిషాల కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం), 16 అంగుళాల మీద సుమారు 8.5 నిమిషాలు. తేడా చిన్నదే, కానీ పాత రిమ్ సైజుకు మిల్లీమీటర్లలో ఉన్న అంకెను కొత్త రిమ్‌కు అలాగే వాడకుండా డిగ్రీలు, నిమిషాల్లో పెట్టించుకోవడం మేలు. రెండు ముందు చక్రాల కాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు) మధ్య, కాస్టర్ మధ్య తేడా అర డిగ్రీ దాటకూడదు. స్టీరింగ్ నిటారుగా లాక్ చేసిన తర్వాతే టై రాడ్‌లు సర్దాలి. చేసిన తర్వాత ముందు అంకెలు, తర్వాతి అంకెలు ఉన్న కాగితం అడిగి తీసుకోండి.

గాలి లెక్క కొంచెం ఓపిగ్గా చూడాల్సిన చోటు. 205/55 ఆర్16 మామూలు టైరు మీద బరువు సూచిక 91 అని ఉంటే 615 కిలోలు మోస్తుంది. పాత 185/65 ఆర్15 మీద 88, అంటే 560 కిలోలు. కాబట్టి పాత గాలి చాలు, 32 పీఎస్ఐతో మొదలుపెట్టవచ్చు. కానీ 195/55 ఆర్16 లాంటి సైజుకు మారేవాళ్లు జాగ్రత్తపడాలి. అందులో మామూలు రకం 87, అంటే 545 కిలోలే, పాత టైరు కంటే తక్కువ. అది వేయకూడదు. 91 ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే) రకం తీసుకోవాలి. ఎక్స్‌ఎల్ టైరు తన 615 కిలోలను 42 పీఎస్ఐ దగ్గర మోస్తుంది, మామూలు టైరు తన పూర్తి బరువును 36 దగ్గరే మోస్తుంది. అందువల్ల పాత గాలితో ఎక్స్‌ఎల్ టైరు పూర్తి బలంతో పనిచేయదు, 1 నుంచి 2 పీఎస్ఐ కలపాలి. ‘గట్టి టైరు కదా, గాలి తక్కువైనా పర్లేదు’ అనుకోవడం తలకిందుల ఆలోచన.

గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి, కనీసం 3 గంటలు నిలబడి ఉండాలి. ప్రయాణంలో 4, 5 పీఎస్ఐ పెరగడం సహజం, వేడి మీద తీసేయకండి. సరైన అంకె కోసం ఇలా చేయండి: సుద్దతో ట్రెడ్ మీద అడ్డంగా ఒక మందపాటి గీత గీసి, పొడి రోడ్డు మీద 20, 30 మీటర్లు తిన్నగా నడిపి చూడండి. గీత నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులే చెరిగితే తక్కువ. తర్వాత 2 పీఎస్ఐ చొప్పున మారుస్తూ ఒకే రోడ్డు మీద స్టీరింగ్ ఎలా ఉందో చూడండి. కారు తలుపు దగ్గర అతికించిన అంకె కంటే తగ్గొద్దు.

కొత్త ట్రెడ్ గురించి ఎవరూ చెప్పరు. కొత్త టైరు ట్రెడ్ లోతు దాదాపు 8 మి.మీ. తీసేసిన పాత టైరు 2, 3 మి.మీ. దగ్గర ఉండి ఉంటుంది. లోతైన ట్రెడ్ దిమ్మలు పక్కలకు వంగుతాయి, అందువల్ల కొత్త టైరు మొదట మెత్తగా, తేలినట్టుగా అనిపిస్తుంది. అరిగిన టైరు స్టీరింగ్‌కు బిగువుగా జవాబిస్తుంది. పాత అరిగిన 185నీ కొత్త 205నీ పోల్చి తీర్పు చెప్పడం న్యాయం కాదు. పైగా తయారీ అచ్చు నుంచి వచ్చిన జారుడు పొర ట్రెడ్ మీద ఉంటుంది. 200, 300 కిలోమీటర్లు తిరిగి పైపొర అరిగేదాకా గట్టిగా మలుపులు, బ్రేకులు వద్దు, స్టీరింగ్ మీద ఆఖరి మాట కూడా అప్పుడే వద్దు.

80 నుంచి 110 కి.మీ. మధ్య స్టీరింగ్ వణికితే, రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోకపోతే, రిమ్ నడిమి రంధ్రం చూడండి. విడిగా కొనే అల్లాయ్‌లకు అది చాలావరకు పెద్దది, 73.1 మి.మీ. లాంటిది ఉంటుంది. కారు హబ్ (చక్రం బిగించే నడిమి భాగం) 54.1, 57.1 లాంటిది ఉంటుంది. ఆ ఖాళీని పూడ్చే హబ్ రింగ్ లేకపోతే చక్రం నట్ల మీదే నిలబడి నడుమ తప్పుతుంది. బ్యాలెన్సింగ్ మెషిన్ మీద సున్నా చూపించిన చక్రమే కారు మీద వణుకుతుంది. నట్లు కూర్చునే చోటు కూడా సరిపోవాలి. కోన్ ఆకారపు నట్టును గుండ్రటి గుంటలో బిగిస్తే ఎంత బిగించినా వదులవుతుంది. చక్రం గాలిలో ఉండగా నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా చేత్తో బిగించి, కిందికి దించి, టార్క్ రెంచ్‌తో పుస్తకంలో ఉన్న అంకెకు బిగించాలి. 50 నుంచి 100 కి.మీ. తర్వాత మళ్లీ ఒకసారి చూడాలి.

వర్షం సంగతి స్టీరింగ్‌తో నేరుగా ముడిపడి ఉంది. విమాన టైర్ల మీద 1960లలో నాసా చేసిన పని నుంచి వచ్చిన సూత్రం ప్రకారం 32 పీఎస్ఐ టైరు నిలిచిన నీటి మీద సుమారు 94 కి.మీ. వేగం దగ్గర తేలడం మొదలెడుతుంది. 24 పీఎస్ఐ ఉంటే 82 దగ్గరే. కార్ల టైర్లకు గాడుల లోతు, ముద్ర ఆకారం కూడా లెక్కలోకి వస్తాయి. వెడల్పాటి పొట్టి ముద్రకు ముందు నుంచి వచ్చే నీళ్లు ఎక్కువ, వాటిని పక్కలకు తోయడానికి ఉన్న సమయం తక్కువ. అందుకే ఒకే రకం ట్రెడ్, ఒకే లోతు అయితే సన్న టైరు కంటే ముందే తేలుతుంది. స్టీరింగ్ ఉన్నట్టుండి నీళ్లలో తిప్పినంత తేలికైతే అదే గుర్తు. బ్రేకు తొక్కకుండా, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పకుండా యాక్సిలరేటర్ నుంచి కాలు తీయండి. వెడల్పు టైర్లను 3 మి.మీ. దగ్గరే మార్చేయడం మంచిదంటాను.

ముందు రెంటికి మాత్రమే వెడల్పు టైర్లు వేసే ఆలోచన ఉంటే మానుకోండి. ముందు పట్టు పెరిగి, వెనక పాతదే ఉంటే తడి మలుపులో వెనకభాగం ముందుగా జారుతుంది. స్టీరింగ్ అద్భుతంగా ఉన్నట్టనిపిస్తుంది, ఆ అద్భుతం వెనక చక్రాల పట్టుతో కొనుక్కున్నది.

ఇప్పుడున్న చక్రాల మీద పని ఈ వరుసలో చేయండి. మొదట చల్లటి టైర్లలో గాలి. తర్వాత నట్లు, హబ్ రింగ్‌లు. ఆ తర్వాత ముందు చక్రాలు రెంటినీ ఎడమా కుడీ మార్చి చూడండి. ట్రెడ్ మీద దిశ బాణం ఉంటే వద్దు. లాగే వైపు మారితే దోషం ఆ టైరుది, మారకపోతే కారుది. తర్వాత జాకీ మీద టై రాడ్, బాల్ జాయింట్ వదులు, చివరగా ఎలైన్‌మెంట్. వదులు చూడకుండా ఎలైన్‌మెంట్ చేయిస్తే ఆ అంకెలు వారం కూడా నిలవవు. పాత 15 అంగుళాల చక్రాలు ఇంకా ఉంటే వాటిని ఒక రోజు ఎక్కించి అదే గాడుల రోడ్డు మీద నడపండి. గంట పని, కానీ ఏ మెషినూ ఇంత స్పష్టంగా చెప్పదు. గుంజుడు వాటితోనూ ఉంటే టైర్లు నిర్దోషులు.

ఇవన్నీ చేశాక కూడా గుంతల దెబ్బ, యాక్సిలరేటర్ లాగుడు తగ్గకపోతే మార్చాల్సింది రిమ్‌లను. 16 × 6.5, ఆఫ్‌సెట్ 45 రిమ్‌ల మీద 195/55 ఆర్16 91 ఎక్స్‌ఎల్ వేస్తే మొత్తం వ్యాసం 621 మి.మీ., పాత 185/65 ఆర్15తో సమానం. స్పీడోమీటర్ మారదు. 205/55 అయితే వ్యాసం 632, అంటే మీటర్ మునుపటి కంటే 1.7 శాతం తక్కువ చూపిస్తుంది. ఈ 195 ఏర్పాటులో స్క్రబ్ రేడియస్ కంపెనీ పెట్టినచోటే ఉంటుంది. లోపలివైపు జాగా ఇప్పుడున్నంతే మిగులుతుంది. సైడ్‌వాల్ 107 మి.మీ. కాబట్టి మలుపుల్లో నచ్చిన ఆ చురుకుదనం పోదు. రిమ్ కొనేముందు ఒక్కో దాని బరువు తూయించండి. పాత 15 అంగుళాల రిమ్ కంటే కిలో మించి బరువుంటే గుంతల దెబ్బ స్టీరింగ్‌కు మళ్లీ పెరుగుతుంది.